యంత్రమునకు వార్ధక్యమును నిర్ణయించు అధికార మెవరిది?

మధ్యతరగతి తెలుగు గృహములలో నేడు ఏ అలమర తలుపు తెఱచి చూచినను, పట్టుచీరల మడతల క్రిందనో, బీమా కాగితముల కట్టల ప్రక్కనో, నల్లని సంచిలో భద్రపఱచిన లాప్‌టాప్ ఒకటి కనబడుట సామాన్య విషయమైనది. కుమారుడో కుమార్తెయో ఇంజనీరింగు కళాశాలలో చేరిన యేట తండ్రి భవిష్యనిధి నుండి తీసిన సొమ్ముతో కొనబడి, నాలుగేండ్లు ప్రాజెక్టు రిపోర్టుల భారమును మోసి, పిల్లలు ఉద్యోగములకై బెంగళూరునకో డాలస్‌నకో తరలిపోగా ఇంటనే మిగిలి, మఱి రెండేండ్లు రైలు టికెట్లకును కరెంటు బిల్లులకును ఉపకరించి, తుదకు మీట నొక్కిన పది నిముషములకు గాని పనికి సిద్ధము కాని స్థితికి వచ్చి, ‘స్లో అయిపోయింది’ అను ఒక్క మాటతో విశ్రాంతి పొందిన యంత్రమది. దానిని పాత సామానుల వానికి వేయుటకు మనసొప్పదు. వాడుకొనుటకు ఓపిక చాలదు. అది నిజముగ శిథిలమైనదా, లేక శిథిలమైనదని మఱియెవరో ప్రకటింపగా మనము విచారింపకయే సమ్మతించితిమా యను ప్రశ్న మాత్రము మనలో చాలమందికి తోచదు. నా నిశ్చితాభిప్రాయము రెండవదియే. యంత్రము యజమానునిదైనప్పుడు దాని ఆయువును నిర్ణయించు అధికారమును అతనిదే కావలెను. ఆ అధికారమును మనకు తిరిగి యిచ్చు సాధనమొకటి, వెల లేకుండ, అడిగినవారికెల్ల అందుబాటులో నున్నను, మన విద్యాలయములును కార్యాలయములును దానిని ఏల ఉపేక్షించుచున్నవో నాకు బోధపడదు.

2025 అక్టోబరు 14వ తేదీతో మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 10 నకు తన సాధారణ సేవలను ముగించినది. 2015 జులైలో విడుదలయై, పదేండ్లపాటు మన కార్యాలయములలోను, నెట్ సెంటర్లలోను, ఇండ్లలోను సర్వత్ర వ్యాపించిన ఆ ఆపరేటింగ్ సిస్టమ్‌నకు, షరతులతోనో రుసుముతోనో ఇచ్చిన పరిమితమైన గడువును మినహాయించినచో, భద్రతా సవరణలు రావు. దాని స్థానమున రావలసిన విండోస్ 11, టీపీఎమ్ 2.0 అను భద్రతా చిప్పు లేని యంత్రములను ఆమోదింపదు. ఇంటెల్ ప్రాసెసర్లలో ఎనిమిదవ తరమునకు ముందువి ఇంచుమించు అన్నియు దాని దృష్టిలో అనర్హములే. అనగా 2016లోనో 2017లోనో నలుబదివేలు పోసి కొన్న లాప్‌టాప్, మూత విఱుగక, తెర చెడక, కీబోర్డులో ఒక్క అక్షరమైనను మాయక, కేవలము ఒక జాబితాలో పేరు లేని కారణమున కాలము చెల్లినదైనది. ఇది క్రొత్త కాదు. 2014 ఏప్రిల్ 8న విండోస్ ఎక్స్‌పీకిని, 2020 జనవరి 14న విండోస్ 7 నకును ఇదే గతి పట్టినది. అయితే పూర్వము క్రొత్త విండోస్ పాత యంత్రములో బరువుగనైనను ఎక్కెడిది. ఈ పర్యాయము ద్వారమే మూయబడినది.

ఇందుకై ఆ సంస్థను నిందించుట నా ఉద్దేశము కాదు. తాను అమ్మిన సరకునకు ఆచంద్రతారార్కము మరమ్మతు చేయుచుండుమని ఏ వ్యాపారిని శాసింపగలము? ఆక్షేపణీయమైన విషయము వేఱొకటి కలదు. తయారుచేసినవాడు చేయి విడిచిన పిమ్మట, ఆ పనిని మఱియొకడు చేపట్టుటకు దారి లేకపోవుటయే అది. విండోస్ సోర్స్ కోడ్ ఆ సంస్థ గుప్తధనము. దానిలో ఒక లోపము బయటపడినప్పుడు, హైదరాబాదులో వేలకొలది నిపుణులున్నను, వారిలో నొక్కడైనను దానిని తెఱచి సవరించి పొరుగువానికి ఈయజాలడు, ఈయరాదు. కొన్నవాడు ధరను చెల్లించినను, యంత్రముతోపాటు ఒక పరాధీనతను సైతము ఇంటికి తెచ్చుకొనుచున్నాడు.

ఈ పరాధీనతను నైతిక సమస్యగ గుర్తించి, దానికి ప్రతిక్రియను ఆచరణలో చూపినవారిలో అగ్రగణ్యుడు రిచర్డ్ స్టాల్‌మన్. అమెరికాలోని ఎంఐటీలో పనిచేయుచుండిన ఆయన 1983 సెప్టెంబరు 27న, ఎవడైనను ఏ పనికైనను వాడుకొనుటకును, లోపలి నిర్మాణమును పరిశీలించి తనకు వలసినట్లు మార్చుకొనుటకును, ఇతరులకు పంచిపెట్టుటకును, మార్చినదానిని సైతము పంచిపెట్టుటకును హక్కు గల సంపూర్ణమైన ఆపరేటింగ్ సిస్టమ్ నొకదానిని నిర్మింపబూనితినని ప్రకటించి, దానికి గ్నూ అని పేరిడెను. 1989లో ఆయన వెలువరించిన జీపీఎల్ అను లైసెన్సు న్యాయశాస్త్రములోనే ఒక అపూర్వ కల్పన: ఏ హక్కులతో పుచ్చుకొంటివో ఆ హక్కులతోడనే ఇతరులకును ఈయవలెనని, ఈ సంపదను ఎవడును తన యొక్కని ఆస్తిగ చేసికొనరాదని అది కట్టడి చేయుచున్నది. యంత్రమునకును ప్రోగ్రాములకును నడుమ నుండి సర్వమును నడిపించు కెర్నెల్ అను భాగము మాత్రము గ్నూకు కొఱతగ నుండగా, 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయమున చదువుచుండిన ఇరువదియొక్క యేండ్ల లినస్ టోర్వాల్డ్స్, తన సొంత కంప్యూటరు కొఱకు వ్రాసికొన్న కెర్నెల్‌ను లోకమునకు చూపి, మఱుసటి యేట దానిని జీపీఎల్ క్రిందికి తెచ్చెను. అదియే లినక్స్. 1993లో ఇయాన్ మర్డాక్ ప్రారంభించిన డెబియన్, దాని నుండి 2004లో మార్క్ షటిల్‌వర్త్ తీసికొనివచ్చిన ఉబుంటు, తరువాత రెండేండ్లకు మొదలైన లినక్స్ మింట్, అన్నియు ఆ వంశవృక్షపు శాఖలే. ఉబుంటువారు 2011 వఱకు, అడిగినవారికి ప్రపంచములో ఏ మూలకైనను సీడీలను టపాలో ఉచితముగ పంపెడివారు. ఇంటర్నెట్ నత్తనడక నడచిన ఆ దినములలో హాస్టలు చిరునామాకు వచ్చిన ఆ కవరును గదిలోని మిత్రులందఱును వంతులవారీగ వాడుకొన్న తరమొకటి మన ఇంజనీరింగు కళాశాలలలో వర్ధిల్లినది.

ఉచితముగ వచ్చునది నాసిరకమైనదే కావలెనను అనుమానము మనకు సహజము. కాని ప్రపంచములో అత్యంత శక్తిమంతములని లెక్కింపబడు 500 సూపర్ కంప్యూటర్లును 2017 నవంబరు జాబితా నుండి లినక్స్ మీదనే నడచుచున్నవి. మన చేతులలోని ఆండ్రాయిడ్ ఫోనులకు మూలమైన కెర్నెల్ లినక్సే. కాబట్టి తెలుగువారిలో లినక్స్‌ను వాడనివారు లేరనియే చెప్పవచ్చును. తాము వాడుచున్నామని ఎఱుగనివారు మాత్రము గలరు.

ఇక పాత యంత్రము మందగించుటకు కారణమేమో చూతము. ప్రాసెసరు ఏండ్లు గడచినకొలది బలహీనపడదు. 2013లో ఎంత వేగముగ లెక్కించెనో నేడును అంతే వేగముగ లెక్కించును. పెరిగినది దాని నెత్తిన నున్న బరువు. ఆపరేటింగ్ సిస్టమ్ ప్రతి మార్పుతోను లావెక్కుచు, వెనుక చాటున సమాచారము సేకరించు పనులను, సూచికలు కట్టు పనులను, సవరణలు దింపుకొను పనులను, వైరస్ తనిఖీలను ఎడతెగక నడుపుచుండును. దానిపై బ్రౌజరొకటియే ఒకటి రెండు జీబీల ర్యామును మ్రింగును. నాలుగు జీబీల ర్యాము నిండిపోయినప్పుడు యంత్రము, కొంత సమాచారమును హార్డ్ డిస్కులో దాచి, అవసరమైనప్పుడు మరల తెచ్చుకొనును. వంటయింటి గట్టుమీద చోటు చాలక, పోపుగింజలకొక పర్యాయము, ఉప్పునకొక పర్యాయము పెరటి కొట్టుగదికి పరుగెత్తి వచ్చు వంటవాని పని ఎంత ఆలస్యమగునో ఈ యంత్రపు పనియు అంత ఆలస్యమగును. నిమిషమునకు 5400 మారులు తిరుగు పళ్ళెము మీద ముల్లు సరియైన చోటికి చేరువఱకు ప్రాసెసరు చేయి ముడుచుకొని నిరీక్షింపవలసినదే. మనము ‘స్లో’ అనునది చాలవఱకు ఈ నిరీక్షణయే. కావున చికిత్సయు రెండు విధములు: బరువును దించుట, పళ్ళెము స్థానమున కదలిక లేని ఎస్‌ఎస్‌డీని ఉంచుట. మొదటిదానికి ఖర్చు లేదు. రెండవదానికగు ఖర్చు క్రొత్త లాప్‌టాప్ వెలలో స్వల్పభాగము.

ఈ చికిత్సను రాజమహేంద్రవరమున నాకు పరిచితులైన ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుని ఇంట ఆద్యంతము చూచితిని. ఆయన లాప్‌టాప్ 2013 నాటిది. మూడవ తరపు ఐ3 ప్రాసెసరు, నాలుగు జీబీల ర్యాము, 500 జీబీల హార్డ్ డిస్కు. మరమ్మతు దుకాణమువాడు దానిని ఇటునటు త్రిప్పి చూచి, “దీనికింక ఆయుష్షు తీరిపోయిందండి మాస్టారూ, ఎక్స్ఛేంజీలో ఇచ్చేయండి, ఎంతో కొంత వేస్తాను” అని చెప్పి పంపెను. పాలిటెక్నిక్‌లో డిప్లొమా చదువుచున్న మనుమరాలు సెలవులకు వచ్చి దానిని చేతికి తీసికొనగా, ముసలాయన కంఠములో నున్న భయము డబ్బును గూర్చినది కాదు. “అమ్మడూ, ముప్పై ఏళ్ళ పాఠాలూ, నా పద్యాలూ అన్నీ అందులోనే ఉన్నాయే. పోతే మళ్ళీ రావు.” ఆ పిల్ల పలికిన సమాధానము ప్రతి మరమ్మతుదారుడును నేర్చుకొనదగినది: “ముందు అవన్నీ బయటి డిస్కులోకి ఎక్కించి, మీచేత తెరిపించి చూపించాకే తక్కిన పని తాతయ్యా. మీ పద్యం ఒక్క పాదం కూడా పోదు.”

అట్లే చేసినది. పిమ్మట లాప్‌టాప్‌ను బోర్లించి, బ్యాటరీని ఊడదీసి, అడుగుమూత స్క్రూలను ఒక్కొక్కటిగ విప్పి, ఏ స్క్రూ ఎక్కడిదో తెలియునట్లు కాగితముపై వరుసగ పేర్చెను. ఫ్యానునకును, వేడిమి బయటికి పోవు రాగి రెక్కలకును నడుమ, పన్నెండేండ్ల దుమ్ము ఉన్నిగుడ్డవలె మందముగ పేరుకొని యుండెను. దానిని బ్రష్షుతో తొలగించి, ప్రాసెసరుపై ఎండి పెచ్చులైన థర్మల్ పేస్టును తుడిచి క్రొత్తది పూసెను. మదర్‌బోర్డు మూలనున్న రూపాయి బిళ్ళ వంటి బ్యాటరీని సైతము మార్చెను. అది చచ్చిపోయినందున గడియారము ప్రతిదినము ఏండ్లు వెనుకకు పోవుచుండెను. తేదీ తప్పినప్పుడు బ్యాంకు సైటు మొదలుకొని ప్రతి సురక్షిత సైటును సర్టిఫికెట్ చెల్లదని బ్రౌజరు నిరాకరించును. ఇంత చిన్న బిళ్ళ దోషమునకు ‘ఇంటర్నెట్ పాడైపోయింది’ అని ఆ యింట ఎంతకాలము అనుకొనిరో! పాత హార్డ్ డిస్కు స్థానమున 240 జీబీల ఎస్‌ఎస్‌డీని, ఖాళీగ నున్న రెండవ స్లాటులో మఱి నాలుగు జీబీల ర్యామును అమర్చి, మూత బిగించెను.

తరువాతి ఘట్టమును చూచి ముసలాయన యాశ్చర్యపడెను. మనుమరాలు లినక్స్ మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అను తేలికపాటి రకమును మఱియొక కంప్యూటరు మీద దింపుకొని, ఆ ఐఎస్‌ఓ ఫైలును పెన్‌డ్రైవులోకి వ్రాసియుంచినది. మీట నొక్కిన తత్‌క్షణమే బూట్ మెనూ తెఱచి ఆ పెన్‌డ్రైవును ఎంచుకొనగా, డిస్కులో ఏమియు ఎక్కింపకయే సమస్త వ్యవస్థయు తెరపై ప్రత్యక్షమయ్యెను. ఇది ఈ వ్యవస్థల గొప్ప సౌలభ్యము: పెండ్లికి ముందు పరిచయమునకు అవకాశమున్నట్లు అని నేననను గాని, ఎక్కించుటకు పూర్వమే వైఫై అందుచున్నదా, శబ్దము వినబడుచున్నదా, టచ్‌ప్యాడ్, కెమెరా, ప్రింటరు పనిచేయుచున్నవా యని నిదానముగ పరీక్షించి, నచ్చనిచో పెన్‌డ్రైవు తీసి యథాస్థితికి రావచ్చును. అన్నియు సరిగ నున్నందున ఇన్‌స్టాల్ చేసెను. ఆ పని ఒక కాఫీ విరామములో ముగిసినది. ఏ ప్రోగ్రామును తెఱవనప్పుడు ఆ వ్యవస్థ వాడుకొన్న ర్యాము ఒక జీబీకి లోపలనే. నేడు ఆయన ఆ లాప్‌టాప్‌లో లిబ్రె ఆఫీసున తన పద్యములను తీర్చిదిద్దుకొనుచున్నాడు. వికీసోర్సులోని పాత గ్రంథములను చదువుచున్నాడు. ఆర్కైవ్ సైటులో స్కాన్ చేసి యుంచిన భారతి మాసపత్రిక సంచికలను పెద్దయక్షరములలో చూచుకొనుచున్నాడు.

అయితే లోపములను దాచి చేయు ప్రచారము ఎవరికిని మేలు చేయదు. ట్యాలీ అను లెక్కల ప్రోగ్రాము లినక్స్ కొఱకు రాదు. దానిపై ఆధారపడిన గుమాస్తాలును, జీఎస్టీ లెక్కలు వ్రాయువారును విండోస్‌ను విడువజాలరు. కొన్ని ప్రభుత్వ సైటులలో డిజిటల్ సంతకపు టోకెన్లు చిక్కులు పెట్టును. మన డీటీపీ కేంద్రములు దశాబ్దములుగ ‘అను’ అనే పేరుగల ఫాంట్లతోను పేజ్‌మేకరుతోను పని నడుపుచున్నవి; అవి యూనికోడ్ కావు, ఇటు రావు. పెండ్లిపత్రికలు కూర్చువానికి లినక్స్ ఎక్కించుకొమ్మని నేను సలహా యీయను. అతడు యూనికోడ్‌నకు మారిననాడు ఆ మాట చెప్పవచ్చును. బ్రాడ్‌కామ్ వైఫై చిప్పు గల లాప్‌టాప్‌లలో డ్రైవరును వేఱుగ ఎక్కింపవలసి వచ్చును. ఆ సమయమున ఫోనును యూఎస్‌బీ తీగతో తగిలించి ఇంటర్నెట్ తీసికొనుట సులభోపాయము. రెండు జీబీల ర్యాము గల యంత్రము లినక్స్‌తో మేల్కొనునే గాని, బ్రౌజరులో ఇరువది ట్యాబులు తెఱచిన మరల చతికిలబడును. యూట్యూబ్ దృశ్యములను 480పీ నాణ్యత దగ్గఱ నిలుపుకొనవలెను. 32-బిట్ యంత్రములకు దారులు సన్నగిల్లుచున్నవి: 2025 ఆగస్టులో వెలువడిన డెబియన్ 13 వానికి ఇన్‌స్టాలరును ఈయలేదు, యాంటీఎక్స్ వంటి కొన్ని మాత్రమే ఇంకను ఆదరించుచున్నవి. ఉబ్బిన లిథియం బ్యాటరీ గల లాప్‌టాప్‌ను ఎవరును ఇంట ప్రయోగములకు వాడరాదు. దానిని ముందు తీయించి, ఈ-వ్యర్థములు స్వీకరించు కేంద్రమునకు చేర్పవలెను.

తెలుగు మాత్రము ఇందు పరాయిది కాదు. ఈ మాటను నొక్కి చెప్పవలసియున్నది. ఇన్‌స్క్రిప్ట్, ఆపిల్, ఆర్‌టీఎస్ మొదలైన కీబోర్డు పద్ధతులు ఐబస్ అను ప్రోగ్రాము ద్వారా లభించును. చిన్ననాడు ఏ పద్ధతికి వ్రేళ్ళు అలవాటుపడినను ఆ పద్ధతినే కొనసాగింపవచ్చును. పోతన, వేమన అను ఫాంట్లు డెబియన్ భాండాగారములోనే యున్నవి. ఒక్క ఆజ్ఞతో దిగును. తెర మీది ఆజ్ఞలను, మెనూలను తెలుగు చేయుటకై ఎందఱో స్వచ్ఛందముగ శ్రమించిరి. హైదరాబాదు కేంద్రముగ స్వేచ్ఛ సంస్థ తెలుగులో ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌నే రూపొందించినది. మన ప్రభుత్వ పరిశోధనా సంస్థయైన సీ-డాక్, భారతీయ భాషలను దృష్టిలో నుంచుకొని బాస్ లినక్స్‌ను నిర్మించినది. ఎక్కడైన అనువాదము కృతకముగ నున్నదని తోచినచో దిద్దుటకు మనకే హక్కున్నది. ఏ విదేశీ సంస్థయైనను లాభము లేదని ఒకనాడు మన భాషను తన సరకు నుండి తొలగించినచో మనము చేయగలిగినది విజ్ఞాపనలు పంపుట మాత్రమే. ఇక్కడ అట్లు గాదు, పది లక్షల మంది మాటలాడు భాషయైనను, దానిని నిలుపుకొన దలచిన పదిమంది యున్నంతవఱకు నిలుచును.

కేరళమును చూడుడు. 2001లో పాఠశాలల కొఱకు ఐటీ@స్కూల్ అను ప్రణాళికను ప్రారంభించిన ఆ రాష్ట్రము, కొలది యేండ్లకే తన పాఠశాలల కంప్యూటర్లను గ్నూ లినక్స్‌నకు మార్చి, ఉపాధ్యాయులకు దానిలోనే శిక్షణ నిచ్చి, పదవ తరగతి ఐటీ పరీక్షను సైతము దానిమీదనే నడిపినది. ఆ ప్రణాళికకు వారసురాలైన కైట్ సంస్థ, 2019లో రెండు లక్షలకు పైగా పాఠశాల కంప్యూటర్లకు ఉబుంటు ఆధారమున తాను కూర్చుకొన్న వ్యవస్థను అందించినది. లైసెన్సుల రూపమున మిగులు ధనము గొప్పదే గాని, నాకు అంతకంటె గొప్పగ తోచునది వేఱొకటి: అక్కడి ఉపాధ్యాయుడు పాఠ్యక్రమమునకు అనుగుణముగ ప్రోగ్రాములను తమవారే చేర్చి మార్చిన వ్యవస్థను వాడుచున్నాడు, అదే వ్యవస్థను బాలుడు పెన్‌డ్రైవులో ఇంటికి కొనిపోయి తన అన్నయ్య పాత లాప్‌టాప్‌లో ఎక్కించుకొన్నను, ఎవరును దొంగయని వ్రేలు చూపలేరు. మన రాష్ట్రములలో మాత్రము వీధి చివరి దుకాణమున నకిలీ విండోస్ ఎక్కించుకొనుట నేరమని తోచనంతగ అలవాటైపోయినది. పిల్లవానికి కంప్యూటరు విద్యలో తొలిపాఠము దొంగసొత్తుతో ప్రారంభమగుట విచారకరము.

పాఱవేసిన యంత్రము ఏమగునో మనము కన్నెత్తి చూడము. ఐక్యరాజ్యసమితి సంస్థలు 2024లో వెలువరించిన నివేదిక ననుసరించి, 2022లో ప్రపంచమున పోగుపడిన ఈ-వ్యర్థములు 6.2 కోట్ల టన్నులు; అందు పద్ధతి ప్రకారము సేకరింపబడి రీసైకిల్ చేయబడినవి నూటికి 22.3 వంతులు మాత్రమే. తక్కినదానిలో ఎంతో భాగము ఢిల్లీలోని సీలంపూర్ వంటి వాడలలో, ముఖమునకు గుడ్డయైనను లేని కూలీల చేతులలో ముక్కలగును. రాగి కొఱకు తీగలు కాల్చబడును, బోర్డులలోని లోహముల కొఱకు ఆమ్లములు వాడబడును. సీసము వారి రక్తములోనికి చేరును. మన దేశమున 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన ఈ-వ్యర్థముల నిబంధనలు ఉత్పత్తిదారులపై బాధ్యత నుంచినవి. పాతవానిని బాగుచేసి మరల వాడుకలోనికి తెచ్చువారిని సైతము గుర్తించినవి. ఒక లాప్‌టాప్ తన జీవితకాలమున కలిగించు కాలుష్యములో అధికభాగము దానిని తయారుచేయునప్పుడే జరిగిపోవును. కనుక ఉన్నదానిని మఱి అయిదేండ్లు నడుపుటకంటె పర్యావరణమునకు మేలైన కొనుగోలు లేదు. పాత సామానులలో పడవేయు డిస్కులో ఆధార్ నకళ్ళు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, కుటుంబపు ఫోటోలు యథాతథముగ పోవుచున్నవను సంగతిని ప్రతి గృహస్థుడును గుర్తుంచుకొనవలెను. ఎవరికి ఇచ్చినను డిస్కును సంపూర్ణముగ తుడిచియే ఈయవలెను.

మన కార్యాలయముల తీరు ఇంతకంటె బాధాకరము. ఆదాయపు పన్ను లెక్కలలో కంప్యూటరునకు ఏడాదికి 40 శాతము తఱుగుదల. నాలుగేండ్లు నిండునప్పటికి నూఱు రూపాయల యంత్రమునకు పుస్తకములో మిగులు విలువ పదుమూడు రూపాయలు. పుస్తకములో విలువ పోయినదానికి గదిలోను విలువ పోయినదని భావించి, కండెమ్ చేయు జాబితాలో చేర్చి, వేలమునకు పెట్టి, కిలోల లెక్కన వదిలించుకొనుచున్నారు. హైదరాబాదులోని సాఫ్ట్‌వేర్ సంస్థలు మూడు నాలుగేండ్లకొకమారు మార్చివేయు లాప్‌టాప్‌లు ఏడెనిమిదేండ్లు నిరాటంకముగ పనిచేయగలవు. మఱియొక వంక, మండల కేంద్రములలోని శాఖాగ్రంథాలయములలో పోటీ పరీక్షలకు చదువుకొను యువకులు ఒక్క కంప్యూటరు కొఱకు వంతులు కాచుకొనుచున్నారు. ఉన్నత పాఠశాలల కంప్యూటరు గదులకు తాళములు వ్రేలాడుచున్నవి. ఇంటర్నెట్ సరిగ లేని పల్లెకు సైతము, కివిక్స్ అను ప్రోగ్రాముతో తెలుగు వికీపీడియా నంతయు ఒక పాత డిస్కులో నింపి యీయవచ్చును. జీకాంప్రీ అను పిల్లల ఆటపాఠములను, జియోజెబ్రా అను గణిత సాధనమును చేర్చినచో అది ఒక చిన్న పాఠశాలకు చాలిన సంపద. ఇక్కడ అక్కఱకు రానిది అక్కడ అమూల్యము. నడుమ కావలసినది పెన్‌డ్రైవులు, స్క్రూడ్రైవర్లు, ఒక పూట ఓపిక గల విద్యార్థులు. వేలాది ఇంజనీరింగు, పాలిటెక్నిక్ విద్యార్థులు గల మన రెండు రాష్ట్రములలో మూడవదానికి కొఱత యుండదు. ఎన్‌ఎస్‌ఎస్ శిబిరములలో చీపుళ్ళు పట్టించినట్లే ఏడాది కొకమారు ఈ పనిని చేపట్టించినచో, వారికి విద్యయు, ఊరికి ఉపకారమును ఒక్కమారే సమకూరును.

కావున ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వములకు నా విన్నప మొక్కటియే. కార్యాలయముల కంప్యూటర్లను కండెమ్ చేయు ఉత్తరువులలో ఒక నిబంధనను చేర్చుడు: స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్‌తో పరీక్షించి, పనికిరాదని ఒక పాలిటెక్నిక్ కళాశాల వ్రాసియిచ్చువఱకు ఏ కంప్యూటరును వేలమునకు పోరాదు, పరీక్షలో నెగ్గిన ప్రతిదియు, డిస్కు తుడిచిన పిమ్మట, ఆ జిల్లాలోని పాఠశాలకో గ్రంథాలయమునకో చేరవలెను. దీనికి క్రొత్త నిధులు అక్కఱ లేదు. ఒక్క జీవో చాలును.